స్వరూప మేడం అగ్నిపర్వతాల క్లాసు

మాసమ్మ ఊపిరి యంత్రం మీద ఆధారపడి రెండేళ్లవుతోంది. చిక్కడపల్లి సందులో ఆ తల్లీకూతుళ్లు ఉండే గది చిన్నది. ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, గోడవార పుస్తకాల అట్టపెట్టెలు, మంచం పక్కన మోకాలెత్తు ఆక్సిజన్ మిషను. గదిలోని గాలినే పీల్చుకుని, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి, సన్నటి గొట్టం గుండా మాసమ్మ ముక్కుకి అందించడం దాని పని. పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉంటుంది. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిందంటే స్వరూప చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి, కింది వాటా వాళ్ల ఇన్వర్టరు తీగ తెచ్చి తగిలించేదాకా తల్లి వంక చూడదు.

వాళ్లది పాలమూరు. మేస్త్రీ వెంట పట్నం వచ్చిన తొలి ఏడే భర్త పోతే, మాసమ్మ చంటిపిల్లను చంకనేసుకుని ఊరవతల కంకర మిషను దగ్గర పనికి కుదిరింది. బండ పగిలి కంకరవుతుంటే లేచే తెల్లటి దుమ్ములో, కొంగు ముక్కుకి చుట్టుకుని, గంపలు మోసి కూతురిని చదివించింది. కూతురు యూనివర్సిటీలో జాగ్రఫీ ఎమ్మెస్సీ పూర్తి చేసేసరికి తల్లికి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఛాతీ ఫోటో చూసిన డాక్టరు మెత్తగానే చెప్పాడు: "లోపలికి పోయిన రాతిపొడి బయటికి రాదమ్మా. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఇక తగ్గదు. మిషను మాత్రం తీయకండి."

ఆ మిషను కిరాయిది. మొన్న దాని తాలూకు మనిషి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, మర్యాదగా నిలబడి, "అక్కా, నెలాఖరుకు ముందు కట్టకుంటే మాత్రం వేరే పేషెంటుకు ఇయ్యాల్సొస్తది. నన్ను తిట్టుకోకుండ్రి, నేను జీతగాణ్ణి" అని వెళ్లాడు. మాసమ్మ వినలేదనుకుంది స్వరూప. కానీ ఆ మనిషి సందు మలుపు తిరగగానే మాసమ్మ గొట్టం పక్కకి జరిపి, "తీస్కపోనీ బిడ్డా. ఇంకెంత కాలం ఈ గుర్రు?" అంది. ఆ రెండు ముక్కలకే దగ్గు తెర కమ్మేసి, పెదవులు నీలంగా తిరిగాయి. స్వరూప గొట్టం మళ్లీ ముక్కుకి తగిలించి, "మాట్లాడకు" అని మాత్రం అంది.

మిషను ఉండాలంటే ఉద్యోగం ఉండాలి. ఆ ఉద్యోగం ఆదివారం నాటి డెమో క్లాసు మీద ఆధారపడి ఉంది.

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వరస తెలిసినవాళ్లకి డెమో అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కొత్త బ్యాచి మొదలయ్యే ముందు ప్రతి సెంటరూ ఒక క్లాసు ఉచితంగా పెడుతుంది. ఊళ్లనుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ సర్కారు కొలువులకి చదువుకునే పిల్లలు ఒక డెమో నుంచి ఇంకో డెమోకి తిరిగి, ఎవరి పాఠం మనసుకు నచ్చితే అక్కడ చేరతారు. స్వరూప పనిచేసే సెంటరు జిరాక్సు షాపు పైన మొదటి అంతస్తు. దాని యజమాని ఫణీంద్ర, చేరికల బల్లని సరిగ్గా మెట్లు దిగేచోట వేయిస్తాడు. క్లాసయ్యాక ఎవరు కిందికి దిగాలన్నా ఆ బల్లని ఒరుసుకునే పోవాలి. పాఠం వేడి చల్లారకముందే పేరు రాయించుకోవాలన్నది అతని సిద్ధాంతం.

ఇంకో ఆచారం ఉంది. డెమో చివరి పది నిమిషాలు పాఠం చెప్పకూడదు. మోటివేషన్ చెప్పాలి. అన్నీ పోగొట్టుకుని, గదిలో తలుపేసుకుని చదివి, చివరికి ఆఫీసరైన ఒకడి కథ. ప్రతి మేస్టారి దగ్గరా అలాంటివి రెండు మూడుంటాయి. స్వరూప దగ్గర ఒక్కటీ లేదు. ఆమె రాసిన పరీక్షలన్నీ ఒడ్డుదాకా వచ్చి జారిపోయినవే. తాను చదువుకున్న సెంటరులోనే పాఠాలు చెప్పుకుంటూ మిగిలిపోయింది.

"మేడం, మీరు మంచిగ చెప్తరు. నాకెర్కే" అన్నాడు ఫణీంద్ర శుక్రవారం నాడు, గ్లాసులో చాయ్ ఊదుకుంటూ. "గని జాయినింగులు కావాలె కదా. నారాయణగూడల ఒక సారు ఉన్నడు, కోడ్‌లు కట్టి బట్టీ పట్టించే సారు. అగ్నిపర్వతాల పేర్లన్నీ పెండ్లిపాట లెక్క కట్టిండట. పిల్లలు ఎగబడుతుండ్రు. నేను ఇంక ఆయనకు హా అనలే. ఆదివారం డెమో మీది. జాయినింగులు నిండితే బ్యాచి మీదే."

"అగ్నిపర్వతాలే చెప్పమంటారా సార్?"

"గవే చెప్పుండ్రి, మజా వస్తది. ఆఖర్ల మోటివేషన్ మరువకుండ్రి. పోయినసారి మీరు నిజాలు చెప్పిండ్రు."

"ఏం నిజాలు?"

"పోస్టులెన్ని, రాసేటోళ్లెందరు అని లెక్క చెప్పిండ్రు కదా. గది అవసరమా మేడం? పిల్లలు భయపడి బషీర్‌బాగ్ దాటిండ్రు."

శనివారం పొద్దుటినుంచి స్వరూప సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుంది. చుట్టూ టిఫిన్ డబ్బాలు పెట్టి కుర్చీలు పట్టుకున్న పిల్లలు, పేజీలు తిరిగే చప్పుడు. అగ్నిపర్వతాల పుస్తకాలు నాలుగు ముందేసుకుని, పాఠం కోసం కాదు, కథ కోసం వెతికింది. ఎక్కడ చూసినా చావులే. కాలిపోయిన ఊళ్లు, కరువులు, మునిగిన దీవులు. మధ్యాహ్నం దాటాక ఒకచోట ఆమె వేలు ఆగింది. కరీబియన్ సముద్రంలో మార్టినీక్ అనే దీవి. సెయింట్ పియర్ అనే ఊరు. పక్కనున్న కొండ పేలి ఊరు ఊరంతా పోయింది. జైల్లో మందపాటి రాతిగోడల కొట్లో ఒంటరిగా పడివున్న ఒక ఖైదీ మాత్రం ఒంటినిండా కాలిన గాయాలతో బతికి బయటపడ్డాడు.

స్వరూపకి ప్రాణం లేచొచ్చింది. ఇదే కదా కావలసింది! లోకమంతా బయట తిరుగుతుంటే నాలుగు గోడల మధ్య కూర్చున్నవాడు గెలిచాడు. హాస్టలు గదిలో తలుపేసుకుని చదివే పిల్లలకి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది? అన్నేళ్లు కోచింగ్ సెంటర్లలో గడిపిన మనిషికి తప్ప ఇంకెవరికీ ఆ కథలో మోటివేషన్ కనిపించదు. ఆమెకి కనిపించింది. మిగతావాళ్లకి కనిపించదన్న సంగతి ఆమెకి అప్పుడు తట్టలేదు.

ఆదివారం బెంచీలు నిండాయి. గోడవార నిలబడ్డవాళ్లూ ఉన్నారు. వెనక బెంచీలో గద్వాల బాలప్ప కూర్చున్నాడు. డెమోలో ఇచ్చే చాయ్ బిస్కెట్ల కోసం ఏ సెంటరునీ వదలని పాత విద్యార్థి. ముందు బెంచీలో సరిత అనే అమ్మాయి, మక్తల్ దగ్గర పల్లెనుంచి వచ్చింది. పోయిన బ్యాచిలో స్వరూప దగ్గరే చదివింది. ఒళ్లో ఫోను బోర్లించి పెట్టుకుని, మాటిమాటికీ తిప్పి చూసుకుంటోంది.

"భూమి లోపల నిప్పుల సముద్రం ఉంటదని అనుకుంటరు" అని మొదలుపెట్టింది స్వరూప. "తప్పు. లోపల చానా మటుకు గట్టి రాయే. వేడి బాగ ఉంటది, గని మీదున్న బరువుకు కరగదు. మరి ఎప్పుడు కరుగుతది? మీది బరువన్న తగ్గాలె, లేకుంటే నీళ్లన్న కలవాలె. సముద్రం అడుగునుండే పలక, ఇంకో పలక కిందికి దూరినప్పుడు తనెంట నీళ్లు తీస్కపోతది. ఆ నీళ్లు తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతది. కరిగింది తేలికైతది, మీదికి వస్తది. దాంట్ల గ్యాసు ఇరుక్కొని ఉంటది. ఇగ చూడుండ్రి. మీ ఇండ్లల్ల చాయ్ మరుగుతే ఏమైతది?"

"పొంగుతది" అన్నారు పిల్లలు.

"చిక్కటి జొన్న గట్క ఉడుకుతే?"

"చిటుక్కున ఎగిరి చెయ్యి కాల్తది మేడం" అంది ఒక అమ్మాయి. అందరూ నవ్వారు. అందరి చేతుల మీదా ఆ మచ్చలున్నాయి.

"అంతే. పలుచగుంటే గ్యాసు సప్పుడు లేకుంట పోతది, లావా పొంగి పారుతది. చిక్కగుంటే గ్యాసు పోనీకి తొవ్వ ఉండదు. లోపల్లోపలనే బిగుస్తది. బిగిసి బిగిసి ఒక్కపారి పేలుతది. చాయ్ కొండలు, గట్క కొండలు. మన తాండూరు దిక్కు, జహీరాబాద్ దిక్కు నల్లరేగడి ఉన్నది కదా? ఆరున్నర కోట్ల ఏండ్ల కింద చాయ్ లెక్క పొంగి, మహారాష్ట్ర అంత నిండి, మనదాంక పారిన లావా అది. తాండూరు కందిపప్పు తిన్నోళ్లంత ఆ లావా పంట తిన్నట్టే."

"మేడం, కందిపప్పు పరీక్షల బిట్ లెక్క వస్తదా?" అన్నాడు బాలప్ప.

"నీకు బిస్కెట్ వస్తది, ఆగు" అన్నారెవరో. క్లాసంతా గొల్లుమంది. గుమ్మంలో నిలబడ్డ ఫణీంద్ర కూడా నవ్వాడు. స్వరూపకి గుండె కుదురుకుంది.

బూడిద దగ్గరికొచ్చింది. "బూడిదంటరు గని, పొయ్యిల బూడిద కాదు. నుగ్గు నుగ్గయిన రాయి, గాజు. సుమత్రా దీవిల ఎన్నో వేల ఏండ్ల కింద ఒక కొండ పేలుతే ఆ బూడిద మన కర్నూలు దిక్కు జ్వాలాపురం దాంక వచ్చి పడ్డది. ఇప్పటికీ అక్కడ భూమిల పొర లెక్క ఉన్నది. గిన్నెలు తోమే పొడికి తవ్వుకున్నరు కూడా. అది గాలిల ఉన్నప్పుడు పీల్చినమంటే, లోపలికి పోయిన రాతిపొడి బయటికి..." ఆమె బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్లీ రాసింది.

తర్వాత తంబోరా. పద్దెనిమిది వందల పదిహేనులో ఇండోనేషియాలో అది పేలితే, దాని గంధకం పొగ ఆకాశంలో సన్నటి తెరలా పరుచుకుని ఎండని అడ్డుకుంది. మరుసటేడు యూరపుకి ఎండాకాలమే రాలేదు. అమెరికాలో జూన్ నెలలో మంచు కురిసింది. పంటలు పోయి జనం ఇళ్లూవాకిళ్లూ వదిలి రోడ్ల మీద పడ్డారు. మన దగ్గర కూడా వానలు తారుమారయ్యాయి. "ఎక్కడో కొండ పేలింది. ఆ కొండ పేరు కూడ వినని రైతు ఇంట్ల గింజ లేకుంట పోయింది. ఎందుకు పోయిందో ఆయనకు సచ్చేదాంక తెల్వలే" అంది స్వరూప. రాసుకుంటున్న పెన్నులు కొన్ని ఆగాయి.

ఫణీంద్ర గుమ్మంలోంచి చేతి గడియారం మీద వేలు కొట్టి చూపించాడు. మోటివేషన్ వేళయింది.

"ఇప్పుడు ఒక మనిషి కథ చెప్త" అంది స్వరూప. "నూరేండ్ల మీది ముచ్చట. సెయింట్ పియర్ అని సముద్రం ఒడ్డున ఊరు. పక్కన పెలే అని కొండ. గట్క కొండ. పేలుడుకు ముందు కొన్ని వారాలు పొగ వచ్చింది. ఊరి మీద బూడిద పడ్డది. గుర్రాలు బజార్ల కూలబడి సచ్చినయి. కొండ మీది పాములు, చీమలు ఇండ్లల్లకు దిగినయి. కొండ కాడి పల్లెలోళ్లు భయపడి, మూట ముల్లె సదురుకొని..." ఆమె కళ్లు గోడవార సంచుల మీద పడ్డాయి. "ఊరిడిసి దూరం పోలే. పట్నంలకు వచ్చిండ్రు. పట్నమైతే భద్రమని. జనం పెరిగిండ్రు."

"ఎందుకు మేడం, అంత కానొస్తుంటే?" అంది సరిత.

ఆ ప్రశ్న స్వరూప రాసుకున్న కథలో లేదు. అయినా జవాబు నోటికొచ్చింది, ఎందుకంటే ఆమె చదివింది. "పేపరోళ్లు భయం లేదని రాసిండ్రు. పెద్దమనుషుల కమిటీ వేస్తే, వాళ్లూ చూసి ఏం కాదన్నరు. గవర్నరు సుత పెండ్లాంతోని వచ్చి ఊర్లనే ఉన్నడు, జనానికి ధైర్యమని. ఇంకో దిక్కు ఎలక్షన్లు ఉండె. ఆదివారం ఓట్లు. ఈ నాల్గు దినాలు ఆగుదమన్నరు. ఇంత దూరం వచ్చినం, ఇన్ని దినాలు ఓర్చుకున్నం, ఇంక జరంత అని..."

"మనం నోటిఫికేషన్ కోసం ఆగినట్టు" అన్నాడు బాలప్ప వెనకనుంచి.

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది. గోడవార నిలబడ్డ కుర్రవాడొకడు కింద పెట్టుకున్న సంచిని కాలితో దగ్గరికి లాక్కున్నాడు. స్వరూప అది చూసింది. తొందరగా ఖైదీ దగ్గరికి చేరుకోవాలి.

"ఓట్లకు మూడు దినాల ముంగట, గురువారం పొద్దున కొండ పేలింది. లావా రాలే. నల్లటి మబ్బు, నిప్పు లెక్క కాలే గ్యాసు, బూడిద, కొండ వాలు మీద తుపాను కన్న జోరుగ దిగింది. రెండు మూడు నిమిషాలు. ఇరవై ఎనిమిది వేల మంది..." అక్కడ ఆగకుండా అందుకుంది. "గని ఒకడు బతికిండు. జైల్ల ఖైదీ. మందం గోడల కొట్లె ఒక్కడే ఉండె. బయట తిరిగినోళ్లు పోయిండ్రు, నాల్గు గోడల నడుమ కూసున్నోడు బతికిండు. అందుకే చెప్తున్న... గదిల తలుపేసుకొని..."

"అంటే జైలుకు పోవాల్నా మేడం?" అన్నాడు బాలప్ప. ఈసారి వేళాకోళంగా లేదు, నిజంగానే అడుగుతున్నట్టుంది. ఎవరూ నవ్వలేదు.

మామూలుగా డెమో ముగిస్తే చప్పట్లు పడతాయి. ఆ రోజు పడలేదు. పిల్లలు నెమ్మదిగా లేచి, పుస్తకాలు సంచుల్లో వేసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మెట్లవైపు కదిలారు. ముందు నడిచిన నలుగురూ బల్లని తప్పుకుని దిగిపోయారు. ఐదో అబ్బాయి ఆగి, ఫణీంద్ర ఆశగా పెన్ను అందించగానే, "మహబూబ్‌నగర్ బస్సు ఎన్నింటికుంటది సార్?" అని అడిగాడు.

ఫణీంద్ర మొహం నల్లబడింది. "ఏం చెప్పిండ్రు మేడం మీరు?" అన్నాడు పళ్లబిగువున. "మోటివేషన్ అంటే ఊరికి తోలుడా? జర ఆపుండ్రి వాళ్లను. లేకుంటే నేను ఇప్పుడే నారాయణగూడకు ఫోన్ కొడ్త."

ఆపడం ఎలాగో స్వరూపకి తెలియలేదు. మెట్లు దిగేచోట నిలబడింది. ఒక్కొక్కరూ ఆమెకి నమస్కారం పెట్టి, దిగిపోతున్నారు. మర్యాదగా. ప్రతి నమస్కారానికీ తల్లి మంచం పక్కన ఒక దారం తెగుతున్నట్టు అనిపించింది ఆమెకి.

సరిత వచ్చి ఎదురుగా ఆగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేడం, మా మక్తల్ల ఒక బడిల సోషల్ చెప్పనీకి రమ్మంటుండ్రు. పొద్దటిసంది ఫోన్ చేస్తనే ఉన్నరు. ఇయ్యాల చెప్పకుంటే ఇంకొకరిని తీసుకుంటరు. నేను ఇన్నేండ్లు ఉంటి, ఇంకోసారి రాస్త అనుకున్న. మీ కథ విన్నంక మనసు ఆగుతలేదు. మీరే చెప్పుండ్రి. ఉండాల్నా, పోవాల్నా?"

సరిత వెనక మెట్లు దిగబోతున్నవాళ్లు ఆగారు. కిందిదాకా దిగినవాళ్లు కూడా తలెత్తి చూశారు. బాలప్ప బిస్కెట్ నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. ఫణీంద్ర పెన్ను మూత తీసి, బల్ల మీద సరిత వైపు జరిపాడు.

పో తల్లీ, ఇప్పుడే పో. స్వరూపకి తెలిసిన జవాబు అదొక్కటే. సరిత చురుకైన పిల్ల కాదు, కష్టపడే పిల్ల. వందల పోస్టులకి లక్షల మంది రాసే పరీక్షలో ఆ కష్టం ఎక్కడ ఆగిపోతుందో స్వరూపకి తన చేతిరేఖలంత బాగా తెలుసు. మక్తల్ బడిలో ఆ పిల్ల బాగా చెబుతుంది. పిల్లలు ఆమెను వదలరు. సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. ఇవన్నీ ఒక్క గుక్కలో కళ్లముందు కదిలాయి. ఆ వెనకే, గొట్టం పక్కకి జరిపిన తల్లి నీలం పెదవులు.

"ఉండు" అంది స్వరూప.

తన గొంతు తనకే కొత్తగా, ధీమాగా వినిపించింది. "ఏం భయం లేదు. ఇన్ని దినాలు ఓర్చుకున్నవు. ఇంక కొన్ని దినాలే. ఈపారి పోస్టులు పెరుగుతయంటున్నరు. ఈ టైముల పట్నం ఇడిసి పోతరా ఎవరన్న?"

సరిత ఆమె కళ్లలోకి చూసింది. స్వరూప చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే ఆ పిల్లకి తెలిసిపోతుందని.

"మీరు అంటుండ్రు కాబట్టి ఉంట మేడం" అంది సరిత. అక్కడే పక్కకి జరిగి ఫోను చేసింది. "లేదు సార్, వస్తలేను. హైదరాబాద్‌లనే ఉంటున్న. మా మేడం ఉండమన్నరు" అంది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి, వంగి, గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసింది. మెట్ల మీదివాళ్లు ఒకరి వెనక ఒకరు పైకి రాసాగారు. బస్సు టైము అడిగిన అబ్బాయి కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు.

ఫణీంద్ర స్వరూపకి తన చేత్తో చాయ్ తెచ్చి ఇచ్చాడు. "కమాల్ చేసిండ్రు మేడం! బ్యాచి మీదే, ఇగ ఫికర్ చేయకుండ్రి. నాల్గింటికి ఇంకో డెమో ఉన్నది కదా, అదే కథ చెప్పుండ్రి. గని ఆ ఊరు, పేపర్లు, ఎలక్షన్లు ఇయ్యన్నీ తీసేయుండ్రి. జైలు కాడ షురూ చేయుండ్రి, సాలు."

నాలుగింటికి బెంచీల్లో కొత్త మొహాలున్నాయి. చేరినవాళ్లు మళ్లీ కూర్చోవచ్చన్నారు కాబట్టి సరిత కూడా ముందు బెంచీలో కూర్చుంది. స్వరూప చాయ్ కొండలూ గట్క కొండలూ చెప్పింది. పిల్లలు నవ్వవలసిన చోట నవ్వారు. చివరికొచ్చేసరికి సుద్దముక్క కింద పెట్టింది.

"ఒక జైలు. జైల్ల ఒక ఖైదీ" అంది. "మందం గోడల కొట్లె ఒక్కడే ఉండె. పక్కన కొండ పేలింది. ఆయన బతికిండు."

"ఏ ఊరు మేడం అది?" అని అడిగాడు రెండో వరసలో ఒక అబ్బాయి, పెన్ను పట్టుకుని.

సరిత తలెత్తి స్వరూప వంక చూసింది.

"ఊరు పేరు పరీక్షల అడగరు" అంది స్వరూప. "ముందటిది రాసుకోండ్రి."

సరిత ఇంకా చూస్తూనే ఉంది. కాసేపటికి తల వంచి, అందరితోపాటు తనూ రాసుకోవడం మొదలుపెట్టింది.